ముద్ఖేడ్ గేటు మీద ఆగిన కారు

ఇంజిన్ నడుస్తూ నడుస్తూ ఎందుకు ఆగిపోతుందని ఎవరైనా అడిగితే కూర్చున్న చోటునుంచి లేవకుండానే పది కారణాలు చెబుతాను. పెట్రోలు అందదు, గాలి అందదు, నిప్పురవ్వ పుట్టదు, కాయిల్ వేడెక్కుతుంది, వైరు వదులవుతుంది. ఇవన్నీ పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉన్నాయి. పుస్తకాల్లో లేని కారణం ఒకటి నాకు మా నాందేడ్‌లోనే దొరికింది. అది దొరికే లోపల నా నోటి తొందర వల్ల ఒక నిజాయితీపరుడు దొంగ అనిపించుకున్నాడు. ఆ సంగతి రాయడానికే ఇప్పుడు కాగితం ముందు కూర్చున్నాను.

నా పేరు పోశెట్టి. పందొమ్మిది వందల అరవైల్లో నాందేడ్ రైల్వే స్టేషన్ దగ్గర ఒక గ్యారేజీలో పనికి చేరాను. తర్వాత నా సొంత షెడ్డు వేసుకున్నాను. చేతులు వణకడం మొదలయ్యాక పానా కింద పెట్టాను. మా ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, గ్యారేజీలో దక్కనీ హిందీ. తిట్లు మాత్రం మూడు భాషల్లోనూ ఒకే రకంగా వచ్చు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "కాకా, మీ అనుభవం ఏమైనా చెప్పండి" అంటారు. నేను ఎన్ని బండ్లు బాగుచేశానో, ఎవరెవరు శాలువాలు కప్పారో చెబితే మీకు నిద్ర వస్తుంది, నాకు గర్వం వస్తుంది. రెండింటివల్లా ఉపయోగం లేదు. బాగుచేసిన బండ్లు నాకు ఇప్పుడు సగం గుర్తుకూడా లేవు. తప్పుచేసిన బండ్లు మాత్రం నంబరు ప్లేటుతో సహా గుర్తున్నాయి.

మర్ఖేల్ లారీ మూత

నాకు పని నేర్పింది మహబూబ్ ఉస్తాద్. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మాట తక్కువ, కోపం ఎక్కువ. మనం పని చేస్తుంటే చాయ్ తాగుతూ చూసేవాడే తప్ప ఇది తప్పు అని చెప్పేవాడు కాదు. తప్పంతా పూర్తయ్యాక చెప్పేవాడు. అప్పట్లో నాకు ఇది శాడిజంలా అనిపించేది. ఇప్పుడు కూడా కొంచెం అలాగే అనిపిస్తుంది. కానీ అలా నేర్చుకున్నది ఒక్కటీ మరిచిపోలేదు.

ఒకసారి దెగ్లూరు అవతల మర్ఖేల్ నుంచి ఒకాయన పెట్రోలుతో నడిచే పాత లారీ తెచ్చాడు. ప్రతి పది మైళ్లకూ ఆగిపోతోంది. కాసేపు ఆగి స్టార్ట్ చేస్తే మళ్లీ నడుస్తుంది. ఉస్తాద్ నాకు అప్పజెప్పాడు. నేను కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగాను. పెట్రోలు పంపు మార్చాను. వైర్లన్నీ మార్చాను. లారీ మాత్రం పది మైళ్లు పోయి ఠంచనుగా ఆగింది.

మూడోరోజు ఉస్తాద్ గ్లాసు పక్కన పెట్టి అడిగాడు. "సబ్ ఖోల్ లియా?"

అన్నీ విప్పానని చెప్పాను.

"ఆద్మీకో పూఛా?"

మనిషిని అడిగావా అని ఆయన ప్రశ్న. నేను అడగలేదు. లారీని అడిగాను కానీ లారీ తెచ్చిన మనిషిని అడగలేదు.

ఉస్తాద్ ఆ మర్ఖేల్ ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఈ మధ్య లారీలో కొత్తగా ఏం చేయించావని అడిగాడు. ఆయన ఆలోచించి ఏమీ లేదన్నాడు. రెండో చాయ్ సగమయ్యాక, "కొత్తదంటే గీ టాంకీ మూతే. దెగ్లూరు బజార్ల పాతది పోయింది. మా ఊరి వడ్ల బ్రహ్మయ్య టేకుకట్టెతోని చేసిండు. సైకిల్ ట్యూబు చుట్టిండు. చుక్క గూడ బయటికి రాదు" అన్నాడు గొప్పగా.

ఉస్తాద్ నన్ను పక్కన కూర్చోబెట్టుకొని లారీని అది ఆగేదాకా తోలి, టాంకీ దగ్గర చెవి పెట్టమన్నాడు. మూత తిప్పగానే గాలి సుయ్‌మని లోపలికి దూసుకుపోయిన శబ్దం నా చెవికి తగిలింది. టాంకీలోంచి పెట్రోలు పోతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. అందుకే ప్రతి మూతకూ సన్న రంధ్రం ఉంటుంది. బ్రహ్మయ్య మూత అంత బాగా కుదిరింది కాబట్టే లారీకి ఊపిరాడలేదు. ఉస్తాద్ మేకు ఎర్రగా కాల్చి దానికి ఒక రంధ్రం పొడిచాడు. మూడు రోజుల పని మూడు నిమిషాల్లో అయిపోయింది.

ఆరోజు ఉస్తాద్ చెప్పిన మాట తెలుగులో చెబుతాను. "బండి దానంతటది చెడిపోదు. ఎవరో ఏదో చేసి ఉంటారు. చాలావరకు మంచికే చేసి ఉంటారు. మంచికి చేశారు కాబట్టే అది తప్పని వాళ్లకు తోచదు, అడిగితే గాని చెప్పరు."

నేను ఈ మాటలో మొదటి సగం గుర్తుపెట్టుకున్నాను. రెండో సగం మరిచిపోయాను. దాని ఫలితం కొన్నేళ్ల తర్వాత కనబడింది.

ఊరు దాటితేనే ఆగే కారు

అప్పటికి నాకు సొంత షెడ్డు వచ్చి ఏడాదిన్నర. మోంఢాలో, అంటే మా ధాన్యం బజారు గంజిలో, విఠల్ సావుకారు పత్తి, పప్పుల వ్యాపారం చేసేవాడు. మాలాగే తెలుగిల్లు, తాతలనాటినుంచి నాందేడ్‌లోనే. ఆయనకొక పాత నల్లకారు ఉండేది. దాని డ్రైవరు సాయిలు. నాయ్‌గావ్ దగ్గరి పల్లె మనిషి. నలభై ఏళ్లుంటాయి. పన్నెండేళ్లనుంచి ఆ కారే తోలుతున్నాడు. కారును సొంత బర్రెను కడిగినట్టు ముక్కు, చెవి వదలకుండా కడిగేవాడు.

దసరా వెళ్లిన పది రోజులకు సాయిలు కారు తీసుకొని నా షెడ్డుకు వచ్చాడు. ఊరు దాటి ఏడెనిమిది మైళ్లు పోగానే గుక్కపట్టినట్టు ఊగి ఆగిపోతోందట. పది నిమిషాలు ఊరుకుంటే మళ్లీ స్టార్ట్ అవుతుందట. నాకు మర్ఖేల్ లారీ గుర్తొచ్చి ముందు మూత చూశాను. మూత పాతదే, రంధ్రం బాగానే ఉంది. కారును మూడు రోజులు నా దగ్గర పెట్టుకొని ఊరంతా తిప్పాను. స్టేషన్‌కు, నది ఒడ్డుకు, మోంఢాకు. ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఊర్ల ఆగదు మిస్త్రీ. ఊరు దాటినంకనే ఆగుతది. నేను చెప్తనే ఉన్న గద" అన్నాడు సాయిలు.

"నీ కారుకు ఊరు దాటితె బుగులైతదా ఏంది?" అని ఎగతాళి చేశాను.

దూరం పోతే వేడెక్కుతుంది, వేడెక్కితే కాయిల్ పనిచేయదు. అదే అయ్యుంటుందనుకొని కాయిల్ మార్చి పంపేశాను. ఊరు దాటించి చూడలేదు. షెడ్డు ముందు నాలుగు బండ్లు వరుసలో ఉన్నాయి. నాకు తీరిక లేదనుకున్నాను.

వారం తర్వాత విఠల్ సావుకారు భార్యతో కలిసి ముద్ఖేడ్‌కు బయలుదేరాడు. ముద్ఖేడ్ జంక్షన్ కదా, దగ్గర్లో రైలు గేటు ఉంటుంది. కారు సరిగ్గా పట్టాల మీదికి ఎక్కి ఆగిపోయింది. సాయిలు ఎన్నిసార్లు తాళం తిప్పినా కదల్లేదు. గేట్‌మన్ ఎర్రజెండా పట్టుకొని పట్టాల వెంట పరిగెత్తాడు. సాయిలు సావుకారి భార్యను చేయిపట్టి దించి, ఎడ్లబండ్లవాళ్లను పిలిచాడు. అందరూ కలిసి కారును అవతలికి నెట్టారు. వాళ్లు నెట్టిన కాసేపటికి ఒక గూడ్సు బండి వెళ్లింది. ఎంతసేపటికి అని తర్వాత నేను సావుకారిని అడిగితే ఆయన మాట మార్చాడు.

నోరు జారిన రోజు

ఆ సాయంత్రమే నాకు కబురొచ్చింది. సావుకారి ఇంటి వాకిట్లో కారు నిలబడి ఉంది. ఇంటిల్లిపాదీ, దుకాణం గుమాస్తాలు, పక్కింటివాళ్లు చుట్టూ ఉన్నారు. అందరిముందూ పెట్రోలు పంపు కింద ఉండే చిన్న గాజుగిన్నె విప్పాను. పైన పెట్రోలు, అడుగున నీళ్లు. నూనెలో పడ్డ నీటిచుక్కల్లా గుండ్రంగా దొర్లుతున్నాయి.

గిన్నె పైకెత్తి వెలుతురులో అందరికీ చూపించాను. అలా చూపించడం నాకు బాగా నచ్చిందని ఒప్పుకోవాలి. పది రోజుల నుంచి దొరకని దొంగ దొరికినట్టు అనిపించింది.

"గీ నీళ్లెక్కడియి పోశెట్టీ?" అన్నాడు సావుకారు.

నీళ్లున్నాయి, టాంకీ దించి చూస్తే ఎక్కడివో తెలుస్తుంది అని చెప్పి ఊరుకోవలసింది. టాంకీ దించడమంటే సగం రోజు పని. దానికి బదులు నోరు తెరిచాను.

"పెట్రోలు తీసి అమ్ముకుంటరు సావుకారూ. తక్కువైంది కనబడకుంట నీళ్లు పోస్తరు. ఊర్ల శానా మంది చేస్తున్న పనే."

ఎవరి పేరూ నేను చెప్పలేదు. చెప్పనవసరం లేదు. ఆ కారు టాంకీ మీద చెయ్యివేసే మనిషి ఒక్కడే అని అందరూ అనుకునేవాళ్లు. అన్ని తలలూ సాయిలు వైపు తిరిగాయి.

సాయిలు సావుకారి వైపు చూడలేదు. నావైపు చూశాడు.

"మిస్త్రీ, నీకు తెల్సా, అనుకుంటున్నవా?"

గాజుగిన్నె తుడవడంలో మునిగిపోయినట్టు తల వంచుకున్నాను. సావుకారికి ఆ రోజు పట్టాల మీద పట్టిన చెమట ఇంకా ఆరలేదు. తాళంచెవి ఇమ్మన్నాడు. సాయిలు జేబులోంచి తీసి కారు బానెట్ మీద పెట్టి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

పిల్లలూ, ఇది చదువుతున్నవాళ్లు ఒక్కటి గమనించండి. నేను చెప్పినదాంట్లో నీళ్ల సంగతి నిజం. అందుకే మిగతాదంతా నిజమని అందరూ నమ్మారు. యంత్రం గురించి మనకు తెలుసు కాబట్టి మనుషుల గురించి కూడా మనకే తెలుసని జనం అనుకుంటారు. మనం కూడా అనుకుంటాం. అక్కడే దెబ్బ తింటాం.

నాందేడ్ చిన్న ఊరు కాబట్టి దొంగ డ్రైవరన్న పేరు రెండు రోజుల్లో అంతటా తిరిగింది. సాయిలును ఎవరూ పనిలో పెట్టుకోలేదు. వారం తర్వాత మోంఢాలో అతను బస్తాలు మోస్తుండగా చూశాను. పన్నెండేళ్లు స్టీరింగ్ పట్టిన చేతులు. బస్తా వీపు మీద వేసుకునే ఒడుపు ఇంకా రాలేదు, పక్కకు తూలుతున్నాడు. నేను సైకిల్ దిగి పలకరించాలనుకొని దిగకుండా వెళ్లిపోయాను. ఆ రాత్రి మా ఆవిడ, "అన్నం ఎందుకు పారేస్తున్నవ్?" అని అడిగింది. ఆకలి లేదన్నాను.

టాంకీ దించాను

మరో పది రోజులకు విఠల్ సావుకారు నా షెడ్డుకు నడిచి వచ్చాడు. పంచె అంచంతా దుమ్ము. ముఖం చూస్తే కొడతాడేమో అనిపించింది.

"నాయ్‌గావ్ తొవ్వల మల్ల ఆగింది. నేనే తోలిన. తాళంచెవి నా జేబుల ఉన్నది. పంపు కాడ నేనే నిలబడి పెట్రోలు పోయించిన. ఇగ చెప్పు పోశెట్టీ, నేను గూడ దొంగనేనా?"

అక్కడున్న పాత టైరు మీద కూర్చున్నాను. సావుకారు ఇంకా ఏదో అంటున్నాడు, నాకు వినబడలేదు. వీపు మీద బస్తాతో పక్కకు తూలిన సాయిలే కనబడుతున్నాడు.

మళ్లీ తోలడానికి సావుకారు భయపడ్డాడు కాబట్టి కారును ఎడ్లబండికి కట్టి లాక్కొచ్చారు. మొదటిరోజే చేయవలసిన పని ఆరోజు చేశాను. టాంకీ కిందికి దించి, ఉన్నదంతా ఒక పెద్ద గాజు సీసాలోకి వంపాను. అడుగున గ్లాసెడు నీళ్లు పేరుకున్నాయి. నీళ్ల కింద సన్నని నది ఒండ్రు. వాటిమధ్య నల్లగా, మెత్తగా ఏవో తేలుతున్నాయి. ఒకటి వేలితో తీసి అరచేతిలో పరిచాను. ఆకు. నాలుగు తీస్తే నాలుగూ ఆకులే. నీళ్లతో కడిగి నలిపి వాసన చూశాను. పెట్రోలు వాసన వెనకనుంచి తులసి వాసన సన్నగా వచ్చింది.

కారు ఎందుకు ఆగుతుందో ఆ క్షణంలో మొత్తం అర్థమైంది. ఊర్లో మెల్లగా పోతున్నప్పుడు ఆకులు అడుగునే పడుకొని ఉంటాయి. ఊరు దాటి వేగం పెరిగి, గతుకుల్లో టాంకీ కుదిలిపోయినప్పుడు నీళ్లూ ఆకులూ పైకి లేస్తాయి. పంపు గట్టిగా లాగుతుంటే ఒక ఆకు వచ్చి పైపు మూతికి అంటుకుంటుంది. ఇంజిన్ ఆగుతుంది. ఆగగానే లాగడం ఆగిపోతుంది కాబట్టి ఆకు జారి కింద పడుతుంది. పది నిమిషాలయ్యాక కారు బుద్ధిమంతురాలిలా స్టార్ట్ అవుతుంది. సాయిలు మొదటిరోజు చెప్పిన ప్రతి మాటా నిజమే.

ఆకు సావుకారి చేతిలో పెట్టాను. "పెట్రోలు దొంగ తులసాకు ఎయ్యడు సావుకారూ" అన్నాను.

ఆయన ఆకును చాలాసేపు చూశాడు. "తులసి మా ఇంట్ల దేవుని కాడనే ఉంటది" అన్నాడు మెల్లగా. ఈసారి అనుకోవడం కాదు, తెలుసుకోవాలి. రేపు పొద్దున తాను నాయ్‌గావ్ పోతున్నట్టు ఇంట్లో చెప్పమని సావుకారిని అడిగాను. టాంకీ శుభ్రంగా కడిగి, కొత్త పెట్రోలు పోసి, మూత నా బలమంతా పెట్టి బిగించాను.

రాగి చెంబు

మర్నాడు తెల్లవారుతూనే సావుకారి వాకిట్లో టైర్లలో గాలి చూసే నెపంతో కూర్చున్నాను. సావుకారు లోపల చాయ్ తాగుతున్నాడు. సాయిలు ఉన్న రోజుల్లో కూడా ఇదే వేళకు వంటింటి గుమ్మం దగ్గర చాయ్ తాగేవాడు.

పక్కగుమ్మంలోంచి సావుకారి తల్లి వచ్చింది. ఊర్లో అందరూ ఆమెను పెద్దవ్వ అనేవాళ్లు. తడితల, చేతిలో చిన్న రాగి చెంబు. నేరుగా కారు వెనక్కి వెళ్లి టాంకీ మూత పట్టుకొని తిప్పింది. అది కదల్లేదు. రెండోసారి తిప్పింది. తర్వాత అటూ ఇటూ చూసి నన్ను చూసింది.

"పోశెట్టీ, జర గీ మూత తియ్యి బిడ్డా. ఇయ్యాల ఎవ్వలో గట్టిగ పెట్టిన్రు. నా చెయ్యికి అస్తలేదు."

నేను లేచి వెళ్లి మూత తీశాను. ఇంకేం చేయాలో నాకు తోచలేదు. ఆమె కళ్లు మూసుకొని ఏదో గొణిగి, ఉద్ధరిణెతో మూడుసార్లు నీళ్లు పోసింది. చివరిసారి ఒక తులసాకు జారి లోపల పడింది. మూత పెట్టమని నాకు సైగ చేసి, "ఎవ్వలకు చెప్పకు. చెప్తె ఫలం పోతదంటరు" అంది.

"అవ్వా, గవి ఏం నీళ్లు?"

"గంగ నీళ్లు." గోదావరిని మావైపు గంగ అంటాం. "రెండేండ్ల కింద నా చిన్నకొడుకు దెగ్లూరు తొవ్వల లారీ కింద పడి పోయె గద. ఇగ ఇంట్లకెల్లి ఎవ్వలు ఊరికి పోయినా నాకు పానం కొట్టుకుంటది. దసరనాడు అయ్యగారు మోటారు మీద గంగ నీళ్లు చల్లిండు. నేను చూస్తనే ఉన్న, రెండు నిమిషాలల్ల ఎండకు ఆరిపోయినయి. ఆరిపోయినంక ఏం కాపాడుతయి? తీర్థం మనం ఒంటిమీద చల్లుకొని ఊకుంటమా? తాగుతం గద. అందుకని దాని కడుపుల పోస్తున్న."

మహబూబ్ ఉస్తాద్ మాటలోని రెండో సగం, మంచికే చేసి ఉంటారన్నది, అప్పుడు నాకు గుర్తొచ్చింది.

ఆమెకు చెప్పక తప్పదు. కొడుకును రోడ్డు మీద పోగొట్టుకున్న తల్లితో, నువ్వు కాపాడాలని పోసిన నీళ్లే ఇంకో కొడుకును రైలుపట్టాల మీద ఆపాయని ఎలా చెప్పడం? ఆ మాట నేను చెప్పలేదు. నీళ్లకు ఇంజిన్ ఆగుతుందని మాత్రం చెప్పాను. తర్వాత, "సాయిలు నీళ్లు పోసిండని పనిలకెల్లి తీసేసిన్రు అవ్వా" అన్నాను.

ఆమె చేయి కారు మీద ఆనింది. "గేటు కాడ ఆగింది గూడ గిందుకేనా?" అని ఆమే అడిగింది. నేను టాంకీ మూత వైపు చూశాను. ఆమెకు అర్థమైంది. చెంబు అరుగు మీద పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకొని, "సాయిలు ఏడున్నడు ఇప్పుడు?" అంది.

"మోంఢాల బస్తాలు మోస్తున్నడు."

"నడు."

లోపలినుంచి అంతా విన్న సావుకారు పరిగెత్తుకొచ్చి, రిక్షా పిలుస్తానన్నాడు, సాయిలునే ఇంటికి రప్పిస్తానన్నాడు. ఆమె వినలేదు. "వాణ్ని అందరి ముంగట ఎల్లగొట్టినవ్. తోలుకచ్చుడు గూడ అందరి ముంగటనే" అని నడక మొదలుపెట్టింది. ఆమె ముందు, సావుకారు ఆమె వెనక, నేను అందరికన్నా వెనక.

అందరి ముందు

పొద్దున మోంఢా అంటే మీకు తెలుసు, బండ్లు, బస్తాలు, మరాఠీలో వేలంపాట కేకలు. సావుకారి తల్లి ఎప్పుడూ అక్కడికి వచ్చిన మనిషి కాదు. ఆమెను చూడగానే కేకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సాయిలు బస్తా వీపున వేసుకొని వస్తూ మమ్మల్ని చూసి అక్కడే నిలబడిపోయాడు.

"దించు సాయిలూ" అంది పెద్దవ్వ. "పెట్రోల్ల నీళ్లు పోసింది నేను. గంగ నీళ్లని పోసిన. నీకు తెల్వదు, నా కొడుక్కు తెల్వదు. దొంగవు నువ్వు కాదు. నేను ముసలిదాన్ని, తెల్వక చేసిన. మోటారు తాళం తీస్కో బిడ్డా."

సావుకారు తాళంచెవి చాచి పట్టుకున్నాడు. "నాది గూడ తప్పైంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట ఆ గంజిలో ఎవరూ అంతకుముందు విని ఉండరు.

సాయిలు బస్తా దించాడు. తాళంచెవి తీసుకోలేదు. నావైపు చూశాడు, ఆరోజు వాకిట్లో చూసినట్టే. అప్పటి ప్రశ్నకు నేనింకా జవాబు బాకీ ఉన్నాను.

"నాకు తెల్వదు సాయిలూ" అన్నాను. "ఆ పొద్దు అనుకున్న. అనుకొని, తెల్సినట్టు చెప్పిన."

అతను నన్ను అలాగే చూస్తూ నుదుటి చెమట తుడుచుకున్నాడు. "గిప్పుడు?"

"గిప్పుడు తెల్సింది. టాంకీ దించి చూసిన."

"మొదలే దించితె అయిపోతుండె గద మిస్త్రీ" అని తాళంచెవి అందుకున్నాడు. "మల్ల కారు మంచిగైందా? అది గూడ అనుకుంటున్నవా?"

చుట్టూ ఉన్న హమాలీలు నవ్వారు. పెద్దవ్వ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎన్నిరోజులనుంచో గుండె మీద ఉన్న బస్తా ఎవరో దించినట్టయింది. నిజం చెబుతున్నాను, అంత హాయి నాకు ఏ బండి బాగుచేసినప్పుడూ కలగలేదు.

గేటు దాటాక

టాంకీ మళ్లీ దించి కడిగాను. ఈసారి ఎవరూ చెప్పకుండానే. మర్నాడు ముద్ఖేడ్ దాకా తోలి చూద్దామని సాయిలు అన్నాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు.

బయలుదేరే ముందు పెద్దవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు ఖాళీగా ఉన్నాయి. కారు వైపు చూసే ఆమె ముఖం నాకు చూడబుద్ధి కాలేదు. ఆమె భయం అలాగే ఉంది, దానికి ఉన్న ఒక్క మందూ నేను లాక్కున్నాను. అప్పుడు తట్టింది నాకు. ఈ ఉపాయం తట్టినందుకు ఇప్పటికీ నా మీద నాకు కొంచెం గౌరవం ఉంది.

"అవ్వా, చెంబు తే. ఇంజిన్‌కు నీళ్లు తాగే నోరు గూడ ఒకటున్నది. నువ్వు పోసిన నోరు అది కాదు, అంతే."

బానెట్ ఎత్తి రేడియేటర్ మూత తీసి చూపించాను. ఇందులో రోజూ నీళ్లు పోయాల్సిందే, పోయకపోతేనే ఇంజిన్ వేడెక్కి చెడిపోతుంది అన్నాను. ఆమె నమ్మనట్టు సాయిలు వైపు చూసింది. "నిజమే అవ్వా, రోజు నేనే పోస్త" అన్నాడు సాయిలు. రెండు షరతులు పెట్టాను. నీళ్లు పలచని గుడ్డలో వడగట్టాలి. తులసాకు అందులో కాదు, కారు లోపల దేవుడి పటం దగ్గర పెట్టాలి. ఆమె రెండింటికీ ఒప్పుకొని, కళ్లు మూసుకొని, ఉద్ధరిణెతో కాదు, చెంబుతోనే పోసింది.

తర్వాత ఏళ్లపాటు ఆ ఇంట్లో అదే అలవాటు. కారు ఊరికి పోయే ప్రతి పొద్దునా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సాయిలు మూత తీసేవాడు, పెద్దవ్వ వడగట్టిన గంగ నీళ్లు పోసేది. నాందేడ్ ఎండల్లో ఎన్ని కార్లు రేడియేటర్ ఎండిపోయి నా షెడ్డుకు వచ్చాయో లెక్కలేదు. ఆ కారు మాత్రం ఒక్కసారి కూడా అందుకు రాలేదు.

సరే, ఆరోజు సంగతి. ఊరు దాటాం. ఏడు మైళ్లు, ఎనిమిది మైళ్లు. నేను వెనక సీటు అంచున కూర్చొని ఇంజిన్ శబ్దం వింటున్నాను. ముద్ఖేడ్ గేటు తెరిచే ఉంది. పాత గేట్‌మన్ కారును గుర్తుపట్టి రెండడుగులు వెనక్కి వేశాడు, జెండా చేతిలోకి తీసుకున్నాడు. కారు మొదటి పట్టా ఎక్కింది, రెండోది ఎక్కింది, దిగింది. ఇంజిన్ ఒకే గొంతుతో పాడుతూనే ఉంది.

గేటు దాటి యాభై గజాలు పోయామో లేదో ఇంజిన్ టక్కున ఆగింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. కళ్లముందు టాంకీ, పంపు, కార్బురేటర్ అన్నీ ఒక్కసారి తిరిగాయి. సాయిలు వెనక్కి తిరిగి, తాళంచెవి నా ముఖం ముందు ఆడించాడు.

"నేనే ఆపిన మిస్త్రీ. గేటు కాడికెల్లి నువ్వు ఊపిరి పీలుస్తలేవు. జర పీల్చు, పోదాం."

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. గేట్‌మన్ పరిగెత్తుకొచ్చి, "కాయ్ ఝాలం? మళ్లీ ఆగిందా?" అని అడిగాడు. నవ్వి నవ్వి నేను కారు దిగి రోడ్డు పక్కన కూర్చున్నాను. కొద్దిసేపటికి ముద్ఖేడ్ వైపునుంచి ఒక రైలు వచ్చి ఖాళీ పట్టాల మీదుగా మామూలుగా వెళ్లిపోయింది. అది పూర్తిగా పోయేదాకా ముగ్గురం చూశాం.

"ఇగ ఎక్కు" అన్నాడు సాయిలు. "మంచిగైందని నీకు తెల్సు గద?"

"తెల్సు" అన్నాను.